మ్యాట్నీలో ఊడిన పన్ను

థియేటరు ఎదురుగా ఉన్న టీకొట్టులో బొమ్మ బాబాయి నోరు తెరిచాడంటే గ్లాసుల్లో టీ చల్లారిపోవలసిందే. ముప్పై ఏళ్లుగా ఆ థియేటర్లో సినిమా ఆడించే ఆపరేటర్ ఆయన. అసలు పేరేమిటో జీతమిచ్చే మేనేజరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. తెర మీద బొమ్మ వేస్తాడు కాబట్టి బొమ్మ, దారిన పోయేవాళ్లతో కూడా వరస కలుపుతాడు కాబట్టి బాబాయి. ఆయన చెప్పేవాటిలో పదింట తొమ్మిది కోతలేనని అక్కడ కూర్చునేవాళ్లందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ లేవరు. ఆ పదోది తాము లేచి వెళ్లాక చెప్తాడేమోనని భయం.

ఆ ఆదివారం మ్యాట్నీ వదిలి పావుగంటైంది. బల్ల చివర వాచీలు బాగుచేసే ఆయన ముడుచుకుని కూర్చున్నాడు. వీధి మలుపులో బీరువాకి కాస్త పెద్దదిగా ఉండే కొట్టు ఆయనది. పొద్దస్తమానం కంటికి భూతద్దం తగిలించుకుని గోరంత చక్రాలు ఏరుకునే మనిషి, సినిమాకి రావడమే అరుదు. ఇవాళ వచ్చింది కూడా సరదాకి కాదు. జేబులో మూడు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. తొమ్మిదేళ్ల కూతుర్ని దూరాన ఉన్న హాస్టలు బడిలో చేర్చడానికి దరఖాస్తు అది. అందులో అన్నీ రాసున్నాయి, తండ్రి సంతకం తప్ప. రేపు పొద్దున్న పదింటికల్లా ఇచ్చెయ్యాలి.

ఆ బడిలో చంద్రుడి మీది గుంటలు కనిపించేంత పెద్ద దుర్భిణి ఉందట. నాన్న భూతద్దంతో చీమల కాళ్లు లెక్కపెడుతూ పెరిగిన పిల్ల, ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి అన్నం కూడా ఒక కన్ను మూసుకునే తింటోంది. పరీక్ష రాసింది, సీటు తెచ్చుకుంది. తల్లి సరేనంది. ఈయనకే చేతులు రావడం లేదు. చివరికి ఇంట్లో ఒక ఒప్పందానికొచ్చారు. హాస్టలు బడి మీద కొత్తగా పిల్లల సినిమా వచ్చింది కదా, అది చూసి అప్పుడు తేల్చుకుందామని. కూతురు శనివారం ఫస్ట్ షోకి పిన్నితో వెళ్లింది. ఈయన కొట్టు కట్టేసి ఆదివారం మ్యాట్నీకి వచ్చాడు.

చిక్కు అక్కడే వచ్చింది. నిన్న కూతురు గెంతుకుంటూ ఇంటికొచ్చి, చివరికి ఆ పిల్ల నవ్వుతుంది నాన్నా, తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మనే ఇంటికి పొమ్మంటుంది అని చెప్పింది. ఇవాళ ఈయన చూసిన చివర్లో నవ్వన్న మాటే లేదు. ఎనిమిదేళ్ల పిల్ల గేటు ఊచలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే తల్లి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఖాళీ వరండా, బడి గంట, పేర్లు. అంతే, దీపాలు వెలిగాయి. పైగా చిన్న చిన్న వస్తువులు చూసే కళ్లు కదా, మరొకటి కూడా పట్టుకున్నాయి. సినిమా మొదట్లో నిండుగా ఉన్న పళ్ల వరసలో చివరికి ముందు పన్ను ఒకటి లేదు. ఎవరో కొట్టారు. ఎవరో, ఎందుకో సినిమాలో చెప్పనేలేదు.

గోడగడియారం అద్దం పగలగొట్టిన రోజున కూడా పరిగెత్తుకొచ్చి నేనే పగలగొట్టానని చెప్పిన పిల్ల, ఇంట్లోంచి వెళ్లిపోవడానికి అబద్ధమాడిందా? ఇంటికెళ్లి అబద్ధం చెప్పావు కదమ్మా అని దాని మొహం మీద అనాలి. అనలేకే, అలవాటు లేని టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

బల్ల మీద అప్పటికే యుద్ధం నడుస్తోంది. శనివారం ఆట చూసిన బస్సు కండక్టరు ఇంత హాయైన సినిమా ఈ మధ్య రాలేదంటున్నాడు. ఆ చిన్నది "వచ్చే ఆదివారం రా అమ్మా, ఇవాళ నాకు తీరిక లేదు" అంటుంటే హాలంతా పడీపడీ నవ్విందట. ఇవాళే మ్యాట్నీ చూసిన లెక్కల మాస్టారు హాయేమిటి నీ మొహం అన్నాడు. ఆ మాట సినిమా మొదట్లో అంటుంది, ఆ నవ్వే పిల్లని చివరికి ఏ గతికి తెచ్చారో చూడవేం అన్నాడు. నవ్వుతో మొదలుపెట్టి ఏడుపుతో వదిలిపెట్టాడంటే ఆ దర్శకుడు మామూలువాడు కాదన్నాడు. పన్నెందుకు ఊడిందో చెప్పకుండా మన ఊహకి వదిలెయ్యడం ఎంత లోతైన పనో తెలుసా అని వేలు పైకెత్తాడు. నేను సినిమాకెళ్లి పళ్లు లెక్కపెట్టను మాస్టారూ, అది మీలాంటివాళ్ల పని అని కండక్టరు తేల్చేశాడు.

వీళ్లకి కాస్త ఎడంగా, స్టూలు మీద టికెట్లమ్మే వదిన టీ తాగుతోంది. బొమ్మ బాబాయికి సొంత అన్న భార్య. ఆయనకి రోజూ మధ్యాహ్నం భోజనం తెచ్చేదీ ఆవిడే, టికెట్ల కిటికీ మూసేశాక తలుపు దగ్గర నిలబడి ప్రతి ఆటా చూసేదీ ఆవిడే. ఆయనకి వదిన కాబట్టి వీధి మొత్తానికీ వదినే. వాదనంతా వింటూ ఎందుకో మధ్యమధ్య చేత్తో నోరు కప్పుకుంటోంది.

సరిగ్గా అప్పుడు బొమ్మ బాబాయి గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"మీరిద్దరూ రైటే. ఒకటే సినిమా అనుకోవడం దగ్గరే మీరు దెబ్బతిన్నారు. డబ్బాలో ఉన్నంతసేపే అది ఒక సినిమా. నా చేతిలో పడ్డాక ఎన్నో నేనే చెప్పలేను."

టీకొట్టతను స్టవ్ మంట తగ్గించాడు. బాబాయి మొదలుపెడితే ఆ పని ముందు చెయ్యాలని అతనికి తెలుసు.

బాబాయి చిన్నగానే ఎత్తుకున్నాడు. శుక్రవారం మొదటి ఆటలో జనం గోలగోలగా ఉన్నారట, వెనక వరసలో ఎవడో ఈల కూడా వేశాడట. సినిమా చూస్తే పాపం పసిపిల్ల కథ, వీళ్లు చూస్తే ఇలాగ. అందుకని తను ఏం చేశాడయ్యా అంటే, మిషన్లో వెలుగు వెంట్రుకంత తగ్గించాడట. ఒక్క వెంట్రుకంత. ఆ మాత్రానికే తెర మీద పిల్ల కళ్లలో నీడ పడింది, హాలు గుడిలా అయిపోయింది. వెలుగు తగ్గితే జనానికి తెలియదా అని కండక్టరు అడిగాడు. తెలిస్తే అది పనితనమెలా అవుతుందోయ్ అని బాబాయి జాలిగా చూశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడుపు. మొదట ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు, తర్వాత మా గేటు మనిషి. వాడు పుట్టినప్పుడు కూడా ఏడవలేదని వాళ్లమ్మ చెప్పేది. మన హాలు నేల తెర వైపు వాలుగా ఉంటుంది కదా, వెనక వరసల కన్నీళ్లన్నీ ముందుకి పారడం మొదలుపెట్టాయి. ముందు బెంచీల వాళ్లు కాళ్లు పైకి పెట్టుకున్నారు. చెప్పులు తేలాయి. నేను క్యాబిన్ గోడకున్న కన్నంలోంచి లెక్కపెట్టాను, నలభై జతలు. మూడు జతలు గేటు దాటి రోడ్డెక్కాయి. అందులో ఒక జత అదిగో, ఆ కరెంటు స్తంభం దగ్గర ఆగింది."

అందరూ స్తంభం వైపు తిరిగి చూశారు. అక్కడ ఏమీ లేదు. లేనందుకు కాస్త నిరాశపడ్డట్టే మళ్లీ ఇటు తిరిగారు.

ఇక బాబాయి దారి ఎత్తుకి మళ్లింది. ఏడుపాగాక హాలు రెండుగా చీలిపోయిందట. ఎడమ పక్కవాళ్లు పిల్లని ఇంటికి పంపెయ్యమని, కుడి పక్కవాళ్లు బడిలోనే ఉండనిమ్మని. ఒక మొగుడూ పెళ్లాం అక్కడికక్కడే చెరో పక్కకి లేచి పోయారట. కుర్చీలు విరిగేలా ఉన్నాయి. క్యాబిన్లో మిషన్లు రెండుంటాయి కదా, ఒక రీలు అయిపోగానే రెండోదాన్ని అందుకోవడానికి. తను రెండూ ఒకేసారి తిప్పాడట. ఎడమ చేత్తో ఒకటి, కుడి చేత్తో ఒకటి. ఒకే తెర మీద ఎడమ పక్కవాళ్లకి ఏడుపు సినిమా, కుడి పక్కవాళ్లకి నవ్వు సినిమా. మధ్యలో నడిచే దారి ఉంది కదా, అందులో చిరుతిళ్లు అమ్మేవాడొకడు ఇరుక్కుపోయాడు. వాడికి ఒక కన్ను ఏడిచింది, ఒక కన్ను నవ్వింది. పాపం ఇప్పటికీ అద్దం చూసుకోవాలంటే భయపడుతున్నాడట.

"ఆ సినిమా తీసినాయన తలకి గుడ్డ చుట్టుకుని మారువేషంలో వెనకే కూర్చున్నాడని నాకేం తెలుసు. ఆట అవగానే మెట్లన్నీ ఎక్కి పైకొచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను తీసింది ఒకటే అన్నా, మీరు చూపించింది రెండు, ఆ రెండోదాన్ని నాక్కూడా నేర్పండి అన్నాడు. సెలవు దొరికినప్పుడు చూద్దాం తమ్ముడూ అన్నాను."

లెక్కల మాస్టారు తల పంకించాడు. చూశావా, దర్శకుడు మామూలువాడు కాదని నేను అననే అన్నాను అన్నట్టు కండక్టరు వైపు చూశాడు.

వాచీలాయన మాత్రం టీ ముట్టుకోలేదు. ఆయనకి ఒక్కటే వినిపించింది. ఒకే తెర మీద రెండు సినిమాలు. అయితే కూతురు చూసింది కూడా నిజం, తను చూసిందీ నిజం కావచ్చన్నమాట. ఇది కోతేనని బుర్ర చెబుతూనే ఉంది. అయినా మనసు ఆ కోతని గట్టిగా పట్టుకుని వేలాడింది. బల్ల మీద కొంచెం ముందుకి జరిగాడు.

బాబాయి అది గమనించాడు. కళ్లప్పగించి వినే కొత్త మనిషి దొరికితే ఆయన్నింక ఆపడం ఎవరి తరమూ కాదు. గొంతు తగ్గించాడు.

"ఇది ఎవరికీ చెప్పలేదు. నిన్న రెండో ఆట. ఆ పిల్ల గేటు దగ్గర నిలబడుంది. నిలబడి, ఉన్నట్టుండి తల ఎత్తి నా వైపు చూసింది. హాలు వైపు కాదు, నా వైపు, ఆ కన్నంలోకి. నాకు చేతులాడలేదు. మిషన్ దానంతటదే తిరుగుతోంది. కన్నంలోంచి తెర దాకా వెలుగు పోతుంది చూశారా, దూలంలాగ. దాని మీద కాలు పెట్టి చూశాను. గట్టిగానే ఉంది."

ఎవరూ నవ్వలేదు.

"నడిచాను. కింద జనం తలకాయలు. వెలుగులో తేలే దుమ్ము కాళ్ల కింద ఇసకలాగ కరకరమంటోంది. తెర దగ్గరికొచ్చేసరికి చల్లగా తగిలింది, తడి గుడ్డలాగ. ఇంకో అడుగు వేశాను, లోపలున్నాను. చాక్‌పీసు వాసన. పొడుగు గది, రెండు వరసల మంచాలు, మంచానికో పిల్ల. అందరూ నిద్రపోతున్నారు. అంతమంది పిల్లలు కలిసి ఊపిరి తీస్తుంటే ఎలా ఉంటుందో మీకు తెలీదు. ఇల్లే ఊపిరి తీసినట్టుంటుంది. ప్రతి మంచం కింద ఒక పెట్టె, ప్రతి పెట్టె మీద ఇంటి దగ్గర ఎవరో రాసిచ్చిన పేరు."

టీకొట్టతను పాలు పొంగుతున్నా చూడలేదు. కండక్టరు చేతిలో గ్లాసు సగం దారిలో ఆగిపోయింది. ఆ మంచాల వరసలో తన కూతురి మంచం ఎక్కడుందోనని వాచీలాయన కళ్లు వెతుకుతున్నాయి. పెట్టె మీద పేరు తన చేతిరాతలో కనిపించింది కూడా.

"ఆ చిన్నది వచ్చి నా చొక్కా పట్టుకుంది. బాబాయ్, నేను ఉండాలా, వెళ్లాలా అని అడిగింది."

"మీరేం చెప్పారు?" అని వాచీలాయన అడిగాడు. సాయంత్రం నుంచి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

బాబాయి కథ అంతవరకు కట్టుకోలేదు. కానీ ఆగిపోతే ఆయన బొమ్మ బాబాయి ఎలా అవుతాడు. నేను చెప్పేదేముంది, వెనక్కి తిరిగి హాల్లో మొహాలు చూశాను అన్నాడు. ఎవరికి ఏది తెలియాలో వాళ్లకి అదే చూపించాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడట. అందుకే ప్రతి ఆటకీ ముందు కన్నంలోంచి ఒక్కొక్క మొహమే చదివి, దాన్నిబట్టి ముగింపు వేస్తున్నాడట.

వాచీలాయన జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు. తన కూతుర్ని పంపాలా వద్దా తేల్చుకోవడానికే ఈ సినిమాకి వచ్చానని, రేపు పొద్దున్నకల్లా సంతకం పెట్టాలని చెప్పాడు. నిన్న మా అమ్మాయికి నవ్వు చూపించారు, ఇవాళ నాకు ఏడుపు చూపించారు, అంటే నాకేం చెప్పినట్టు అని అడిగాడు.

అక్కడైనా బాబాయి నవ్వేసి, ఊరికే అన్నానయ్యా అని ఉంటే సరిపోయేది. కానీ నలుగురూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఎక్కిన ఎత్తు నుంచి దిగాలంటే ఆయనకి మెట్లు కనపడలేదు.

"అన్ని మొహాల్లోనూ నీ మొహం దగ్గరే ఆగాను. నిన్ను చూసే వేశాను ఆ ముగింపు. పంపొద్దు నాయనా."

వాచీలాయన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని పైనుంచి చింపడం మొదలుపెట్టాడు. నిదానంగా, గోరంత గోరంత.

ఠక్కున గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. వదిన లేచి నిలబడింది.

"ఆగండి. ఏమయ్యా మరిదీ, ఇవాళ మధ్యాహ్నం భోజనం ఎందులో తిన్నావు?"

బాబాయి ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయాడు.

"చెప్పు, అందరూ వింటారు."

ఆయన చెప్పడని తెలిసి ఆవిడే చెప్పింది. రీళ్లు గుండ్రటి రేకు డబ్బాల్లో వస్తాయి, ఏ డబ్బా తర్వాత ఏదో మూత మీద నంబరుంటుంది. ఆరు డబ్బాల సినిమా ఇది. ఇంటి నుంచి పళ్లెం పట్టుకెళ్లి మళ్లీ తెచ్చుకునేంత ఓపిక తన మరిదికి ముప్పై ఏళ్లుగా లేదు, డబ్బా మూత తిరగేసుకుని అందులోనే తింటాడు. నిన్న గేటు మనిషి భోజనానికి రాలేదు, ఒక్క మూతే తీశారు, అది దాని డబ్బాకే వెళ్లింది. ఇవాళ ఇద్దరూ కూర్చున్నారు, రెండు మూతలు తీశారు. తనే కడిగి పిట్టగోడ మీద ఆరబెట్టింది. రెండో డబ్బా మూత ఐదుకి, ఐదో డబ్బా మూత రెండుకి పెట్టిన మహానుభావుడు ఎవరో అడగండి అంది. రీలు మొదట్లో కూడా నంబరుంటుంది, ఎక్కించే ముందు చూసుకోవాలి, తిన్న మత్తులో అదీ లేదు.

"పిల్లని బడిలో దింపి తల్లి వెళ్లిపోవడం రెండో డబ్బా. అది చేరిన రోజు, ఏ పిల్లైనా ఏడుస్తుంది. ఏడాది తిరిగాక నవ్వుతూ అమ్మని పొమ్మనడం ఐదో డబ్బా. ఆరోదాంట్లో వరండా, గంట, పేర్లే. మీరు మొదట చూసింది చివరిది, చివర చూసింది మొదటిది."

వాచీలాయన అడిగాడు. "మరి పన్ను?"

"ఎనిమిదేళ్ల పిల్లకి పళ్లూడవా అన్నా? చేరినప్పటికి ఊడుంది, ఏడాదికి మొలిచింది. దాన్ని ఎవరూ కొట్టలేదు."

ముందు కండక్టరు పగలబడి నవ్వాడు. తర్వాత టీకొట్టతను, పాలు పొంగి స్టవ్ ఆరిపోయిన సంగతి అప్పుడు చూసుకుని మరీ నవ్వాడు. లెక్కల మాస్టారు మాత్రం గ్లాసు అడుగున ఏదో పడినట్టు అందులోకే చూస్తూ ఉండిపోయాడు. దర్శకుడి లోతు గురించి మళ్లీ ఎత్తలేదు.

బాబాయి నవ్వలేదు. అరంగుళం చిరిగిన ఆ కాగితం వైపు చూశాడు. మూడో డబ్బా ఎక్కిస్తుండగానే తనకి అనుమానమొచ్చిందని, మధ్యలో ఆపితే జనం ఊరుకోరని నడిపించేశానని గొణిగాడు. తర్వాత వాచీలాయన పక్కకొచ్చి కూర్చున్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం ఆ బల్ల ఎప్పుడూ వినలేదు.

"సంతకం పెట్టుకో నాయనా. నేను ఎవరి మొహమూ చూడలేదు. ఆ కన్నంలోంచి తలకాయలు తప్ప ఏమీ కనపడవు."

వాచీలాయనకి కోపం రావాలి. రాలేదు. కూతురు అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్క మాటే లోపల గంటల గడియారంలాగ మోగుతోంది. కళ్లు తుడుచుకున్నాడు. మాస్టారి దగ్గర కలం అడిగి తీసుకుని, చిరుగు పక్కనే, బల్ల మీద పెట్టి సంతకం చేశాడు. ఫస్ట్ షోకి గంట మోగింది. బాబాయి మెట్ల వైపు పరిగెత్తాడు, వెనకాలే వదిన, ఈసారి మూతలు నేనే చూస్తానంటూ.

ఇంటి గడప మీద కూతురు కూర్చునుంది. ఒక కన్ను మూసుకుని, పిడికిలి గొట్టంలా చుట్టి, వీధి చివర నుంచే నాన్నని దగ్గరికి లాక్కుంటోంది. ఏమీ అడగలేదు. ఆయన కాగితం ఇచ్చాడు. పిల్ల ముందు సంతకం చూసింది, ఆ తర్వాత చిరుగు చూసింది. ఇదెలా చిరిగింది నాన్నా అని అడిగింది.

టైమెంతంటే టైము తప్ప ఇంకో మాట చెప్పడం చేతకాని మనిషి ఆయన. దాని పక్కన గడప మీద చతికిలబడ్డాడు.

"అదా. ఇవాళ ఏమైందో తెలుసా? ఒకాయన వెలుగు మీద నడుచుకుంటూ తెరలోకి వెళ్లిపోయాడు. లోపల నీ మంచం చూసొచ్చాడు."

పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని ఆయన మొహంలోకి చూసింది. నమ్మాలని ఉంది దానికి. కాసేపు అలాగే చూసి, ఇక ఆపుకోలేక నవ్వేసింది.

"అబద్ధాలు చెప్పకు నాన్నా."

సాయంత్రమంతా ఆయన నోట్లో పెట్టుకుని కూర్చున్న మాట అది. దాని నోట వింటుంటే ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది.